చైనా కోచ్ సాబ్, మా మొక్కుల టీము

ఆ రోజుల్లో షార్జాలో శుక్రవారం అంటే మాకు ఒళ్లు నొప్పులు తీర్చుకునే రోజు. (ఇప్పుడు వారంలో ఏ రోజైనా నొప్పులే, అది వేరే సంగతి.) మిగతా రోజులన్నీ గోదాములో టైల్స్ పెట్టెలు మోసి, శుక్రవారం పొద్దెక్కేదాకా పడుకుని, లేచి బట్టలుతుక్కుని, సాయంత్రం రోలా బజారులో మావాళ్లు గుంపులుగా నిలబడే చోటికి పోయి ఊరి ముచ్చట్లు చెప్పుకోవడమే మాకున్న విలాసం. అలాంటి శుక్రవారాన్ని ఒక చైనా మనిషి మా దగ్గర్నుంచి లాగేసుకున్నాడంటే, మేము నోరెత్తకుండా ఇచ్చేశామంటే, తలుచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు. రెండువేల నాలుగో అయిదో అయి ఉంటుంది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి కొత్తగా వచ్చిన నేను అప్పట్లో గాలొస్తే ఎగిరిపోయేంత సన్నగా ఉండేవాణ్ని. మా మేనబావ నాకంటే ముందే వచ్చి అదే గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. "దుబాయ్ పోతున్నడు మా పిలగాడు" అని ఊరంతా చెప్పుకున్న మా అమ్మకు, నేను దుబాయ్‌లో కాదు, షార్జాలో ఉన్నానని చివరిదాకా ఎక్కలేదు.

గోదాము ఒక చైనా వ్యాపారిది. మేము చెప్పుకునే కోచ్ సాబ్ ఆయనకు బామ్మర్ది. నలభై దాటిన మనిషి, కుడి మోకాలు సరిగ్గా వంగదు, మాకు సూపర్‌వైజర్. సూపర్‌వైజర్ అంటే మాట వరసకే. తెల్ల టైల్స్ అడిగినవాడికి గచ్చు టైల్స్, గచ్చు టైల్స్ అడిగినవాడికి బాత్‌రూమ్ టైల్స్ పంపేవాడు. రోజుకోసారి ఆ చైనా బావ వచ్చి చైనా భాషలో తిట్టిపోయేవాడు. భాష మాకు రాకపోయినా తిట్లు మాత్రం బాగానే అర్థమయ్యేవి. తిట్లు తిన్నాక ఈయన గోదాము వెనక ఇసక జాగాలోకి పోయి, గోడకేసి బంతి తన్నుకుంటూ ఉండేవాడు. వంగని కాలితో తన్నినా బంతి ప్రతిసారీ గోడమీద ఒకే మరక మీద తగిలేది. మా బావ అది చూసి, "గీన మనలెక్క కాదు రా బామ్మర్దీ, ఏదో కత ఉన్నది" అన్నాడు.

కథ ఉంది. మధ్యాహ్నం తిండి దగ్గర, పెట్టెల నీడలో, తనకొచ్చిన ముక్కల హిందీలో కొంచెం కొంచెంగా చెప్పాడు. చిన్నప్పుడే సర్కారు ఆటల బడివాళ్లు ఊరికొచ్చి, పిల్లల్ని పరిగెత్తించి చూసి, ఈయన్ని తీసుకుపోయారట. పెద్దయ్యాక యూరప్‌లో ఏదో మంచు దేశంలో రెండో తరగతి టీము కొనుక్కుపోయిందట. మొదటి చలికాలమంతా మైదానం పక్కన బెంచీ మీదే కూర్చున్నాడు. "ఖానా నై, బాత్ నై. రాత్ కో రోతా థా" అన్నాడు, ఏడ్చానని చెప్పడానికి ఏమాత్రం సిగ్గుపడకుండా. తిండి సయించక, మాట్లాడే మనిషి లేక ఏడవడం ఎలా ఉంటుందో మాకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. అక్కడ మొదటి గోల్ కొట్టిన రోజున జనమంతా లేచి నిలబడి తన పేరు తప్పుగా అరిచారట. అయినా అంత సంతోషం మళ్లీ ఎప్పుడూ కలగలేదన్నాడు. తర్వాత మోకాలు పోయింది. ఇంటికి పోయి ఒక టీముకు కోచ్ అయ్యాడు. టీము ఓడింది, ఈయన్ని పొమ్మన్నారు. పరాయి దేశంలో ఆడి వచ్చినవాడికి ఇది కూడా చేతకాలేదా అని ఊళ్లో నవ్వుకున్నారట. అందుకే అక్క మొగుడి టైల్స్ దగ్గరికొచ్చి పడ్డాడు.

సరిగ్గా అప్పుడే షార్జాలోని ఒక క్లబ్బు ముదీర్ (మేనేజరు అన్నమాట) కొత్త బిల్డింగుకు టైల్స్ కొనడానికి మా గోదాముకొచ్చాడు. ఫుట్‌బాల్ క్లబ్బని తెలిసిన కోచ్ సాబ్, టైల్స్ సంగతి వదిలేసి, జేబులోంచి పాత ఫొటో తీసి చూపించి, తనను కోచ్‌గా పెట్టుకొమ్మని బతిమాలాడు. ముదీర్ ఫొటో చూసి నవ్వాడట. "నా దగ్గరికొచ్చే ప్రతివాడూ ఒకప్పుడు పెద్ద ఆటగాడే. ఇండస్ట్రియల్ ఏరియాలో శుక్రవారం పోటీలు జరుగుతాయి కదా, ఒక టీము తయారుచెయ్యి, గెలిపించు, ఫైనల్‌కు నేనే వస్తా, అప్పుడు మాట్లాడదాం" అని పోయాడు. ఇటు గోదాము యజమాని బావగారేమో ఆ ఏడు వీసా రెన్యువల్ చెయ్యనని తేల్చేశాడు. కోచ్ ఉద్యోగం దొరికితే ఇక్కడ, లేకపోతే నవ్విన ఊరికే తిరుగు టపా. ఆ సాయంత్రం ఆయన మా అందరి ముందూ నిలబడి, "జుమ్మా కో ఆయేగా?" అని అడిగాడు. శుక్రవారం వస్తారా అని. సూపర్‌వైజర్‌లా హుకుం జారీ చెయ్యలేదు, అడిగాడు. కాదని ఎట్లా అంటాం?

అయ్యో, మాకు ఫుట్‌బాల్ ఎక్కడొచ్చు! మాది కబడ్డీ జాతి. బంతి వస్తే బంతిని వదిలి, తెచ్చినవాడి మడమ పట్టుకునేవాళ్లం. కోచ్ సాబ్ తల పట్టుకున్నాడు. మొదటి నెలంతా బంతే ఇవ్వలేదు, ఉత్త పరుగులే. (ఉన్నది ఒక్క బంతి, అదీ అతుకులది. ఇస్తే చింపుతామని భయం కాబోలు.) మా వ్యాను డ్రైవరు చాచా నెల్లూరాయన, దేశం వదిలి ఇరవై ఏళ్లయింది, అరబ్బీ గడగడా మాట్లాడతాడు. వ్యాను నీడలో కాళ్లు చాపుకుని కూర్చుని, "ఏందబ్బయ్యా, బంతి లేకుండా ఫుట్‌బాలు నేర్పిస్తుండాడు మీ చైనాయన? రేపు అన్నం లేకుండా బిర్యానీ పెడతాడేమో చూసుకోండి" అని ఏడిపించేవాడు. కానీ నెల తిరిగేసరికి నేను ఈ చివర నుంచి ఆ చివరకు రివ్వున పోతున్నాను. కోచ్ సాబ్ నన్ను "పత్లా" అని పిలిచేవాడు, అంటే బక్కోడా అని. ముందు వరసలో నిలబెట్టి, "పత్లా గోల్ మారేగా" అని అందరికీ చెప్పాడు. మా నాన్న కూడా నా మీద అంత నమ్మకం పెట్టుకోలేదు.

అసలు చిక్కు బంతి చేతికి (అదే, కాలికి) వచ్చాక మొదలైంది. ఫుట్‌బాల్ అంటే కాలికి కాలు తగలని ఆట కాదు. మనకేమో ఎదుటి మనిషికి కాలు తగిలిందంటే, ఆ మనిషిని ముట్టుకుని కళ్లకద్దుకుంటే తప్ప ప్రాణం కుదుటపడదు. ఉగ్గుపాలతో వచ్చిన అలవాటాయె! నా కాలు తగిలితే నేను ఆగి వంగి అవతలివాణ్ని ముట్టుకునేవాణ్ని, వాడు "అయ్యో పర్లేదన్నా" అని తిరిగి నన్ను ముట్టుకునేవాడు, బంతి మా ఇద్దరినీ చూసి తనదారిన తాను పోయేది. కోచ్ సాబ్ మొదట్లో మాకేదో నడుం నొప్పి జబ్బు అనుకున్నాడు. సంగతి తెలిశాక నెత్తిన చేతులు పెట్టుకుని, "మ్యాచ్ మే సలాం నై! ఖలాస్!" అని అరిచాడు. ఎంత అరిచినా మా చేతులు ఆగితేనా! చివరికి శిక్ష వేశాడు. ఆటలో ఎవడు వంగి మొక్కితే వాడు టైల్స్ పెట్టె భుజాన పెట్టుకుని గ్రౌండు చుట్టి రావాలి. వారమంతా మోసింది చాలక శుక్రవారమూ పెట్టెలే మోశాం. అప్పుడు మా బావకు ఒక ఉపాయం తోచింది. "ఏం లేదు రా, ఎవలకు కాలు తాకిందో యాదుంచుకోండ్రి. ఆట అయినంక అందరికీ ఒక్కపారే మొక్కుదాం. పాపం పోతది, పెట్టె తప్పుతది" అన్నాడు. అందరికీ నచ్చింది. అప్పట్నుంచి ఆట అయిపోగానే మైదానంలో ఒకరినొకరు వెతుక్కుని మొక్కుకునే కార్యక్రమం జరిగేది. కోచ్ సాబ్ అటు తిరిగి నిలబడేవాడు.

ఎట్లా గెలిచామో ఏమో గానీ ఫైనల్‌కొచ్చాం. అవతల లారీల యార్డు టీము, అందరూ పఠాన్లు, ఒక్కొక్కడు తలుపంత ఉన్నాడు. వాళ్ల వెనక వరసలో ఖాన్ సాబ్ అని ఫోర్‌మన్, తెల్లగడ్డం, మా నాన్న వయసు ఉంటుంది, అయినా కొండలా నిలబడ్డాడు. ముదీర్ కారు లైను పక్కనే వచ్చి ఆగింది. కారు దిగలేదు, అద్దం మాత్రం దించాడు. కోచ్ సాబ్ ఆ రోజు పాత టీము జెర్సీ వేసుకొచ్చాడు, పొట్ట దగ్గర బిగుతుగా ఉంది. మాకేమీ చెప్పలేదు. ఒక్కొక్కరి భుజం తట్టి నా దగ్గరికొచ్చేసరికి, "పత్లా, సలాం బాద్ మే. హా?" అన్నాడు. మొక్కులు తర్వాత. నేను గట్టిగా తలూపాను, మా అమ్మ తోడు అని కూడా అన్నాను.

ఆట చివరికొచ్చేసరికి చెరో గోలు. అప్పుడు మా గోల్‌కీపర్‌గా నిలబడ్డ బావ గోల్ దగ్గర్నుంచి తన్నిన బంతి నా ముందు పడింది. నేను పరుగు. ఎదురుగా ఖాన్ సాబ్ ఒక్కడే. ఆయన అడ్డం రాబోయాడు, నా కాలు ఆయన పిక్కకు ఠపీమని తగిలింది, అంత పెద్దమనిషీ ఇసకలో బోర్లా పడ్డాడు. బంతి నా ముందే ఉంది. ముందు గోల్‌కీపర్ తప్ప పిట్ట లేదు. పక్కనుంచి కోచ్ సాబ్ "మారో! మారో!" అని కుంటుతూ లైను వెంట పరిగెడుతున్నాడు. మావాళ్లకు కాలు తగిలితే తర్వాత చూసుకోవచ్చు. తెల్లగడ్డం మనిషిని, తండ్రిలాంటివాణ్ని తన్ని పడేసి ముందుకు పోవడమా? నా కాళ్లు ముందుకే పోతున్నాయి, నడుం మాత్రం వెనక్కి తిరిగింది. ఏం చేస్తున్నానో తెలిసేలోపే ఆయన కాళ్ల దగ్గర వంగి ముట్టుకుని కళ్లకద్దుకుంటున్నాను. ఖాన్ సాబ్ ఇసకలోంచి తలెత్తి, "తౌబా తౌబా! అరే బేటా, పహలే గోల్ మారో!" అని అరిచాడు. అవతలి టీము మనిషే గోల్ కొట్టమంటున్నాడు, నేను వంగే ఉన్నాను! ఈలోపు వాళ్ల కీపర్ తాపీగా వచ్చి బంతి అందుకుని అటువైపు తన్నాడు. అది పోయి పోయి, నన్నే చూస్తూ నిలబడ్డ మా బావను దాటుకుని మా గోల్‌లో పడింది. విజిల్ మోగింది. ఓడిపోయాం.

కోచ్ సాబ్ ఇసకలో కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఏడుపొచ్చేసింది, ఏడ్చాను కూడా. ఈ గొడవలో మా బావ మాత్రం తన ఉపాయం మర్చిపోలేదు. "మొక్కులు బాకీ ఉన్నయ్ రా, యల్లా, నడువుండ్రి!" అని కేకేశాడు. మా టీము మొత్తం ఒక్కసారిగా వంగి చేతులు చాచుకుని పఠాన్ల మీదికి పోయింది. కబడ్డీ ఆడిన చేతులు, చూస్తే ఎవడికైనా దడుపు పుడుతుంది. ఓడినవాళ్లు కొట్టడానికొస్తున్నారనుకుని తలుపంత మనుషులు తలోదిక్కు పరుగు! "ఆగుండ్రి భాయ్, మొక్కనీయుండ్రి!" అంటూ వీళ్లు వెంటబడటం. చివరికి ఖాన్ సాబ్ నిలబడి పష్తోలో నచ్చజెప్తే ఒక్కొక్కడూ వెనక్కొచ్చి బిడియంగా కాళ్లు చాచాడు.

కారు తలుపు తెరుచుకుంది. ముదీర్ దిగి, చాచాను పిలిచి ఇదేమిటని అడిగాడు. చాచా అరబ్బీలో చేతులు తిప్పుతూ అంతా చెప్పాడు, పెట్టెల శిక్షతో సహా. ముదీర్ కళ్లు తుడుచుకుంటూ నవ్వి, కోచ్ సాబ్‌ను లేపి, "ఇది నువ్వు నేర్పావా?" అన్నాడు. అవునంటే సరిపోయేది. ఈ మనిషి తల అడ్డంగా ఊపి, "నై. హమ్ బంద్ కియా. బంద్ నై హువా" అన్నాడు. మాన్పించాలని చూశాను, మానలేదు అని. ముదీర్ నవ్వడం ఆపి ఆయన్ని కాసేపు చూశాడు. తర్వాత చాచాతో ఏదో చెప్పాడు. చాచా మా వైపు తిరిగి, "పెద్ద టీము ఇయ్యడంట. ఆయన క్లబ్బులో చిన్నపిల్లకాయలు ఉండారంట, ఒకర్నొకరు తన్నుకుని చస్తుండారంట, వాళ్లమ్మలు ముదీర్‌ను తినేస్తుండారంట. వాళ్లను చూసుకుంటావా అంటుండాడు" అన్నాడు. పెద్ద టీము కోచ్ కావాలనుకున్న మనిషికి పసిపిల్లలా! మాకే చివుక్కుమంది. కోచ్ సాబ్ జెర్సీకి అంటిన ఇసక దులుపుకున్నాడు. ఆఖరికి మెల్లగా, "ఉధర్ బాల్ హై? బహుత్ బాల్?" అని మాత్రం అడిగాడు. అక్కడ బంతులున్నాయా, చాలా ఉన్నాయా అని.

కొన్ని నెలలకు నేనూ బావా ఆయన్ని చూడ్డానికి క్లబ్బుకు పోయాం. అసలైన పచ్చగడ్డి, సంచి నిండా బంతులు, మధ్యలో మెడలో విజిల్‌తో కోచ్ సాబ్. ఒక బుడ్డోడు ఇంకో బుడ్డోణ్ని తన్నాడు. తన్నినవాడు ఠక్కున ఆగి, వంగి, వాడి కాలు ముట్టుకుని కళ్లకద్దుకుని మళ్లీ పరుగందుకున్నాడు. నేను నోరు తెరిచాను. కోచ్ సాబ్ మావైపు చూడకుండానే, "హమ్ నై సిఖాయా" అన్నాడు. నేర్పలేదట! అని, మా దగ్గరికి కుంటుకుంటూ వస్తుంటే ఆ వంగని కాలు నా చెప్పుకు తగిలింది. పరాయి దేశంలో జనం లేచి నిలబడి పేరు పిలిచిన ఆ మనిషి, ఆగి, మోకాలు సహకరించకపోయినా కష్టపడి వంగి, టైల్స్ మోసే నా కాలు ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. "వద్దు సాబ్, వద్దు సాబ్" అంటూ నేను ఆయన్ని భుజాలు పట్టి లేపాను.

ఇప్పుడు మా టౌనులో చిన్న టైల్స్ దుకాణం పెట్టుకున్నాను. పత్లా అని ఎవడైనా పిలిస్తే జనం నవ్వుతారు, బొజ్జ అలా ఉంది. బస్సులో ఎవరికైనా కాలు తగిలితే ఇవాళ్టికీ నా చెయ్యి నన్ను అడక్కుండానే పోయి ముట్టుకుని కళ్ల దగ్గరికొస్తుంది. వచ్చాక ఒక్క క్షణం తలెత్తి బస్సంతా కలియజూస్తాను, ఏ మూలనుంచైనా పెట్టె ఎత్తమంటూ విజిల్ మోగుతుందేమోనని. మోగదు. మోగితే బాగుండును, ఈ బొజ్జతోనే ఎత్తుకుని గ్రౌండంతా తిరిగొచ్చేవాణ్ని.