మూడో మడత

ట్రంకుపెట్టె తెరిస్తే కుట్టుమిషను నూనె వాసనతో నా మొదటి పావడ బయటపడింది.

పెనుకొండలో కుట్టు నేర్పుతూ అవ్వ టేపు నా చేతికిచ్చింది. "నడుం కాడ్నించి నేల దాకా, నీ కొలత నువ్వే తీసుకో పాపా."

తొమ్మిదో తరగతిలో అందరికన్నా పొట్టిదాన్ని నేనే. టేపు కొన బొటనవేలితో తొక్కి, మునివేళ్ల మీద లేచి కొలిచాను. అవ్వ చూడలేదనుకున్నాను.

కుట్టిన పావడ ఇల్లంతా ఊడ్చింది. "ఎవురి కాళ్లకు కొలిచినావే?" అని నవ్వి, అవ్వ అంచున మూడు మడతలు వేసి కుట్టింది. "ఏడాదికొకటి ఇప్పుదాం. పొడుగవుతావులే."

రెండు విప్పింది. ఆ తర్వాత నా ఎముకలు పని చాలించాయి. అవ్వ మాత్రం తాను పోయేదాకా "ఇంకా టైముండాది" అంటూనే ఉంది.

మూడోది నేనూ విప్పలేదు. నేనింకా పెరుగుతానని నమ్మిన మనిషి కుట్టు అది.