జీలకర్రకు ఆరు కాళ్లు

కోస్గి బజారులో పరమేశ్వర్ ఫొటో స్టూడియోకు వెళ్లినవాళ్లు కుర్చీలో కూర్చునే ముందు ఒకసారి తొంగి చూసుకునేవారు. దుమ్ము ఉందేమోనని కాదు. అప్పటికే అందులో ఏ మిడతో, గొల్లభామో ఫొటో దిగుతూ ఉండేది. పరమేశ్వర్ నల్లగుడ్డలోంచి తల బయటికి తీయకుండానే, "జర బయట కూసోండ్రి, ముందుగాల వచ్చినోళ్లది కానియ్యుండ్రి" అనేవాడు.

ఇది అరవయ్యో దశకం మొదట్లో మాట. పరమేశ్వర్ పుట్టింది మగ్గాల ఇంట్లో. నేత సొసైటీవాళ్లు బట్ట మీద పెట్టి పోగులు లెక్కచూసే చిన్న భూతద్దం ఒకటి ఎలాగో సంపాదించాడు. మగ్గం మీద వాలిన ఈగను దాంట్లోంచి చూసిన రోజే పిల్లాడు చెడిపోయాడని వాళ్లమ్మ అనేది. తర్వాత ముందుకు సాగే తిత్తి ఉన్న పాత కెమెరా కొన్నాడు. ఆ తిత్తికి అట్టలూ నల్లగుడ్డా కలిపి కుట్టి ఇంకో జానెడు పొడుగు చేశాడు, ముందు భూతద్దం బిగించాడు. ఇక చీమ మేకపిల్లంత కనిపించేది. చిక్కల్లా ఒకటే. అంత దగ్గరనుంచి తీయాలంటే మంచి ఎండ ఉండాలి, పురుగు కదలకూడదు. అందుకని పురుగులను బతిమాలేవాడు. "ఒక్క గడియ ఆగు తల్లీ, మీసాలాడియ్యకు. మంచిగొస్తది." మనుషులతో అతడు అంత మర్యాదగా మాట్లాడగా నేను వినలేదు.

వరుసకు నాకు బావ. మా చెల్లెలు అండాలును చేసుకోవాలని అతని ఆశ. మా బాపు కాటమయ్యకు పిల్లవాడు నచ్చాడు, పురుగులు నచ్చలేదు.

"పురుగులు ఫొటోలు కొనుక్కుంటయారా?" అని నన్ను అడిగాడు, అమ్మేది నేనే అయినట్టు. చివరికి అతన్ని పిలిచి తేల్చేశాడు. "మా రామచంద్రం పెండ్లికి ఫొటోలు నువ్వే తియ్యి. నా ఇజ్జత్ నిలవెట్టినవా, పదహారు రోజుల పండుగనాడు పదిమందిల మాట ఖాయం చేస్త. పురుగుల ఆట ఆడినవా, పిల్ల లేదు."

రామచంద్రం అంటే నేనే. అందువల్ల ఇక్కణ్ణుంచి జరిగినదంతా నా నెత్తి మీదే జరిగింది.

ముహూర్తం పొద్దున పూట. లీలమ్మా నేనూ ఒకరి నెత్తిన ఒకరం జీలకర్ర బెల్లం పెట్టుకున్నాం. పరమేశ్వర్ బుద్ధిగా అన్ని ఫొటోలూ తీశాడు. జనం బంతి భోజనాలకు లేచాక నన్ను మెల్లగా పిలిచాడు.

"బామ్మర్దీ, జర ఎండలకు రా. ఒక్కటి మిగిలింది."

పందిరి బయట పీట మీద కూర్చోబెట్టి, తిత్తి సాగదీసి, కెమెరాను నా నెత్తి మీదికి వంచాడు.

"ఏంది బావా, మొఖం అక్కర్లేదా?"

"నీ మొఖం ఎన్నడన్నా దొరుకుతది. మెడ ఆడియ్యకు."

కొత్త పెళ్లికొడుకు ఎవరేం చెప్పినా చేస్తాడు. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. సంగతేమిటంటే, నా నెత్తి మీది బెల్లానికి చీమ వచ్చింది. వచ్చి, ఆ జిగటలో కాళ్లు ఇరుక్కుని నిలబడిపోయింది. కదలని చీమ! పరమేశ్వర్ బతుకులో అంత అదృష్టం అంతకుముందు ఎరుగడు. దూరంనుంచి చూసిన బాపు మురిసిపోయి, "పోరడు ఎంత సోయిగ తీస్తుండు సూడుండ్రి" అన్నాడు పక్కవాళ్లతో.

పదహారు రోజుల పండుగకు రెండు వైపులవాళ్లూ మా ఇంట్లో చేరారు. పరమేశ్వర్ ఫొటోలు తెచ్చాడు. ఒకదానికి మించి ఒకటి బాగున్నాయి. ఒకదాంట్లో బాపు అచ్చం తాసీల్దారులా ఉన్నాడు. ఆయన ఆ ఫొటో కింద పెట్టకుండానే తమలపాకులు తెమ్మని లోపలికి కేకేశాడు. పరమేశ్వర్ అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగకుండా, చంకలోని గుడ్డమూట విప్పి పెద్ద పటం బయటికి తీశాడు. పాలమూరు పోయి ప్రత్యేకంగా పెద్దది చేయించి, అద్దం కట్టించి తెచ్చాడు.

"జీలకర్ర బెల్లం," అన్నాడు గర్వంగా.

వెదురు పొదల్లాంటి నల్లటి వెంట్రుకలు. నడుమ బెల్లం గుట్ట. గుట్ట మీద పోట్లగిత్తలా నిలబడి చీమ. బాపు మొహం మాడింది. పెద్దమనుషులు సర్దారు. "బెల్లమన్నంక చీమ రాదా కాటమయ్యా? శుభమే." బాపు కొంచెం మెత్తబడ్డాడు.

అప్పుడు లీలమ్మ తల్లి, మా అత్త వెంకటనర్సమ్మ పటం మీదికి వంగింది.

"చీమ సరే అన్నా. గీ పక్కకున్నదేంది?"

"జీలకర్ర గింజ చెల్లె," అన్నాడు బాపు.

"జీలకర్రకు కాళ్లుంటయా?"

"నూరితె గట్లనే పీసులు లేస్తయి."

"మా దిక్కు జీలకర్రకు గోళ్లయితే ఉండయి."

సరిగ్గా అప్పుడే నా చెయ్యి నాకు చెప్పకుండా నెత్తి మీదికి పోయింది. అందరూ చూశారు.

బాపు పరమేశ్వర్ వైపు తిరిగాడు. "తీసింది నువ్వు. పదిమందిల చెప్పు. జీలకర్రనే గదా?" అని కళ్లతోనే సగం జవాబు అందించాడు. నేనూ వెనకనుంచి తల ఊపి మిగతా సగం అందించాను. తలుపు పక్కన తమలపాకుల పళ్లెంతో అండాలు నిలబడి ఉంది. ఆ ఒక్క మాట అంటే పిల్ల అతనిది.

పరమేశ్వర్ నోరు తెరిచాడు. పటాన్ని చూశాడు. నోరు మూశాడు.

"మామా, ఆరు కాళ్లు ఇంత సాఫ్ వచ్చినయి. కాలుకొక్క గోరు. దీన్ని జీలకర్ర అని నా నోటితోని ఎట్లంటనే? పేనే."

"లే. నీ పటం తీస్కో. నడువు," అన్నాడు బాపు.

ఇక ఇంట్లో రెండు జట్లు. పిల్లను పేన్ల మందలో తోశామని మా అత్త. మా ఇంట్లో పేనన్నదే లేదు, మీ పిల్ల తలనుంచే దూకిందని బాపు. నా పక్కన లీలమ్మ కళ్లలో నీళ్లు. ఎవరి పక్షం మాట్లాడాలో తెలియక నేను తమలపాకు ఒకటి నమిలాను.

"వదిననెందుకు అంటరు?" అండాలు పళ్లెం కింద పెట్టి నడుమకు వచ్చింది. "ఆ పేను నాది."

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి.

"పెండ్లి పొద్దుగాల అన్నకు నా దువ్వెనతోనే తల దువ్విన. నా తలల ఇంకా ఉన్నయి."

పెళ్లి కావలసిన పిల్ల, రెండు వైపుల చుట్టాల ముందు, ఆ మాట! బాపు గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

గడప దాటబోతున్న పరమేశ్వర్ గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"ఇంకా ఉన్నయా? బతికున్నయేనా?"

"సచ్చినయి ఎవలు దాచుకుంటరు?" అంది అండాలు.

"గిదయితె బెల్లంల మునిగింది, కడుపు దిక్కు సక్కగ రాలె. పొద్దటి ఎండల ఒక్కటి ఇస్తె—"

"నన్ను కాదు, బాపును అడుగు."

"పేను కోసమా?"

"దేని కోసమైనా."

ముందు నవ్వింది మా అత్తే. ఆమె వెనక లీలమ్మ, కళ్లు తుడుచుకుంటూనే. బాపు ఒక్కడే నవ్వలేదు. కూతుర్ని చూశాడు, పటం పట్టుకుని ఆశగా నిలబడ్డవాణ్ని చూశాడు. ఆ కబురు విని అంత సంబరపడే అల్లుడు చుట్టుపక్కల ఊళ్లలో ఇంకొకడు దొరకడని ఆయనకు తట్టినట్టుంది.

"పిల్లను అడుగుతున్నవా, పేనును అడుగుతున్నవా? సక్కగ చెప్పు," అన్నాడు.

"రెండూ మామా."

బాపు తమలపాకుల పళ్లెం తన దగ్గరికి జరుపుకున్నాడు.

"కూసో అల్లుడా. ముందుగాల ఆ పటం గోడదిక్కు మర్లవెట్టి కూసో."