బ్రేకు షూ మీద రెండు గాట్లు

అది 1949 ఎండాకాలం. పోలీసు చర్య అయి ఏడాది కూడా నిండలేదు. నార్కట్‌పల్లి కూడలిలో నాకొక కిరాయి మోటరు ఉండేది. నాకు చదువు రాదు, పేరు రాసుకోవడం వరకే. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మధ్యలో వచ్చే తిట్లు మాత్రం రాయనంటోంది. అవి మీరే ఊహించుకోండి.

మోటరు నాకెలా వచ్చిందో ముందు చెప్పాలి, లేకపోతే మీకూ అనుమానం వస్తుంది. మా ఆయన ఒక దొర దగ్గర డ్రైవరు. కమ్యూనిస్టు సంఘపోళ్లకు భయపడి ఆ దొర పట్నం పారిపోయేటప్పుడు కొత్త కారు తాను తీసుకెళ్లి, ముసలిది మా ఆయనకు వదిలేశాడు. మరుసటి వానాకాలం మా ఆయన కలరాతో పోయాడు. అప్పటి నుంచి మరిది ఐలయ్య నడిపేవాడు, నేను ముందు సీట్లో కూర్చుని కిరాయి మాట్లాడేదాన్ని. ఆడది, అందులోనూ మొగుడు లేనిది, మోటరు తిప్పుతోందంటే ఊరంతా చెవులు కొరుక్కునేది. కొరుక్కోనీ, నా పొయ్యి వెలగాలి కదా.

ఆ రోజుల్లో ఎవరికీ ఎవరి మీదా నమ్మకం లేదు. కిరాయికి ఎవరినెక్కించుకున్నా మరొకరికి అనుమానమే. పోలీసులు ఆపి "సంఘపోళ్లను దాటిస్తున్నవా" అనేవారు. పల్లెల్లో "పోలీసులకు కబురు మోస్తున్నవా" అనేవారు. అలాంటి గాలి పీల్చి పీల్చి, నేను కూడా మంచినీళ్లిచ్చిన చేతిని సైతం తిప్పి చూసే మనిషినయ్యాను.

ఒకనాడు ఐలయ్య అన్నాడు: "వదినె, బ్రేకు తొక్కితె బండి కుడిదిక్కు గుంజుతాంది. జర భువనగిరిల గ్యారేజీకి చూపెడదాం."

"గ్యారేజోడు చూస్తె మంచిగున్న బండికి సుత రోగమొస్తది" అన్నాను.

"ఏమో. నీ ఇష్టం. గుద్దినంక చూపెట్టే కంటె ముంగట చూపెట్టుడే మేలు."

సరే అన్నాను, కానీ ఊరికే పోలేదు. మాది గొర్రెలు కాసే ఇల్లు. మంద మరొకరి మందలో కలిసినా మన గొర్రె మనకు తెలియాలని చెవికి గాటు పెడతాం, వీపున జాజు, అంటే ఎర్రమట్టి, రాస్తాం. మా ఇంటి గుర్తు రెండు గాట్లు. చెంబుకీ అదే, గొడ్డలి పిడికీ అదే. అంగడిలో దళారి ఒక గొర్రె పళ్లు చూపించి ఇంకొక గొర్రెను తోలిస్తాడని నాకు చిన్ననాడే తెలుసు. గ్యారేజీవాడు దళారికి ఏం తక్కువ?

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. చక్రం వెనుక గిన్నెలాంటి డ్రమ్ము ఉంటుంది. దాని లోపల నెలవంక ఆకారంలో రెండు ఇనుప ముక్కలు. వాటినే బ్రేకు షూ అంటారు. షూ మీద లైనింగు అని గరుకు పట్టీ ఒకటి రాగి రివెట్లతో బిగించి ఉంటుంది. బ్రేకు తొక్కితే ఆ పట్టీ డ్రమ్మును రుద్ది చక్రాన్ని ఆపుతుంది. పట్టీ అరిగి రివెట్ల తలలు బయటపడితే ఇక దాని పని అయిపోయినట్టే.

ఐలయ్య చేత ముందు చక్రాలు రెండూ విప్పించాను. లైనింగు వేలు మందాన ఉంది. నాలుగు షూల అంచునా ఆకురాయితో రెండేసి గాట్లు పెట్టి, పైన జాజు పూశాను. వెనుక డ్రమ్ములు మాత్రం మా చేతికి రాలేదు. వాటిని లాగడానికి పుల్లర్ అనే మూడు కొక్కేల పనిముట్టు కావాలి, అది గ్యారేజీలోనే ఉంటుంది. ముందువి ఇంత బాగుంటే వెనుకవి ఎందుకు బాగుండవులే అనుకున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

భువనగిరిలో గుట్ట నీడన మదార్ సాబ్ షెడ్డు. "లోపల జాగ లేదక్కా, బయట నీడకు కూసోండ్రి" అని మమ్మల్ని బయట కూర్చోబెట్టాడు. కొంతసేపటికి రేకు పళ్లెంలో ఎనిమిది షూలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఎనిమిదింటికీ రివెట్లు పళ్లు ఇకిలించి ఉన్నాయి.

"చూడక్కా, అన్ని ఖతం. గిట్లనె తిరిగితె పానం మీదికొస్తది. ఎనిమిదీ మార్చాలె."

ఒక్కొక్కటి తిప్పి చూశాను. ఏ ఒక్కదాని మీదా ఎర్రమరక లేదు.

"నా జాజు గుర్తేది సాబు?"

ఆయన పళ్లెం తన వైపు లాక్కున్నాడు. "గ్యాసునూనెతోని కడిగిన. పోయుంటది."

"మరి గాట్లో? అవి సుత గ్యాసునూనెకు కరిగినయా?"

షెడ్డులో మేకు దిగ్గొడుతున్న మనిషి కూడా సుత్తి ఆపాడు. మదార్ సాబ్ తల వంచి పళ్లెం పక్కన పెట్టాడు. "ముంగటియి నీయి కావక్కా. నీయి మంచిగనె ఉన్నయి. కాని ఎనుకయి మాత్రం నిజం. ఎడమ చక్రంల ఇరుసు నూనె దిగింది, లైనింగు నానింది. కుడిది సుత అరిగింది. ఒట్టు."

"జూఠాగానివి. నీ ఒట్టేంది, నా చెప్పేంది! బండి బిగించియ్యి."

ఐలయ్య గొణిగాడు: "వదినె, ఎట్లనూ ఇప్పిండు, ఎనుకయి ఒక్కపారి చూద్దాం."

"నువ్వు సుత వాని దిక్కేనా? నీకెంత ఇస్తనన్నడు?"

నా మనసులో ఇంకొక మురికి కూడా ఉందని ఇవాళ ఒప్పుకుంటాను. ఆ ఏడు సాయిబు మాట అంటే చాలామందికి ముందే అబద్ధం. నేను దానికి వేరు కాను. దొంగను పట్టుకున్నానన్న సంబరంలో బ్రేకు సంగతే మరిచిపోయాను.

తిరుగు దారికి ఇద్దరు ఆముదాల బేరగాళ్లు బస్తాలతో ఎక్కారు. ఎండ నడినెత్తికి రాకముందే బయలుదేరాం. కొన్ని మైళ్లు పోయాక రోడ్డు వాగులోకి దిగుతుంది. దిగువన పోలీసు క్యాంపు, రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు. దానికి ఇరవై అడుగుల ముందే బండి ఆగాలి, చేతులు బయట పెట్టాలి. ఆగని బండి మీద తుపాకి పేలుతుందని అందరికీ తెలుసు.

ఐలయ్య బ్రేకు తొక్కాడు. వెనుక చక్రాలు పట్టలేదు. ముందువి పట్టేసరికి బండి పక్కకు జారింది. వదిలి, తిప్పి, మళ్లీ తొక్కాడు. "వదినే, ఆగుతలేదు!" బొంగు విరిగింది. తుపాకి ఆకాశంలోకి పేలింది. వాడు బండిని ఇసుక కుప్పలోకి తోలాడు కాబట్టి ఈ కథ చెప్పడానికి నేను మిగిలాను.

వాణ్ణి జుట్టు పట్టి బయటికి లాగారు. క్యాంపు జమేదారు మద్రాసు వైపు మనిషి, తెలుగు వచ్చు.

"ఏమ్మా, కర్ర కనపడలేదా? ఎవరిని దాటించాలనుకున్నారు?"

"బ్రేకు పని చెయ్యలే సారూ."

"ఆపకుండా పోయిన ప్రతివాడూ బ్రేకే అంటాడు. ఏవయ్యా, మీరేమంటారు?" అని బేరగాళ్లను అడిగాడు.

"మేం ఆముదాలోల్లం. మాకేం తెల్వదు సారూ" అన్నారు ఇద్దరూ, బస్తాల వైపు చూస్తూ.

"సాయంత్రం లారీలో వీణ్ణి నల్లగొండ పంపిస్తున్నాను. ఈలోగా బ్రేకు తెలిసిన మేస్త్రీని తెచ్చి చూపిస్తే వింటాను. లేకపోతే నీ మాట ఎవరు వింటారు?"

లారీ ఎక్కినవాళ్లు ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. ఐలయ్యకు అప్పటికి ఇద్దరు పిల్లలు. వాడు నా వైపు చూశాడు గానీ, "నేను చెప్పలేదా" అని అనలేదు. అంటే బాగుండేది.

ఎదురొచ్చిన బస్సు పట్టుకుని మళ్లీ భువనగిరి పోయాను. పొద్దున జూఠాగాడన్న మనిషి ముందే సాయంత్రం కాకముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. అంతా చెప్పాను.

మదార్ సాబ్ పానా కింద పెట్టాడు. "క్యాంపుకా? నన్నా? అక్కా, పోయినేడు నా తమ్ముని గిట్లనె పిలిచిన్రు. ఏదో అడిగి పంపుతమన్నరు. ఇంక రాలే."

పరదా వెనుక నుంచి ఆయన భార్య గొంతు వచ్చింది: "పోకుండ్రి. పొద్దుగాల ఏమన్నది యాదికుందా?"

ఆయన నన్నే అడిగాడు: "యాదికుందా అక్కా?"

"ఉన్నది. నా నోటికి మన్నువడ. కాని ఎనుక చక్రం నువ్వన్నట్టే ఉన్నదని నువ్వు తప్ప ఎవరూ చూడలే."

ఆయన పుల్లర్‌ను గోనెసంచిలో చుట్టుకుని లేచాడు. బస్సులో నేను ఆయన చేతులనే చూస్తూ కూర్చున్నాను. పగ తీర్చుకోవడానికి వస్తున్నాడా? "నా దగ్గరికొచ్చిన బండి మంచిగుండె" అని ఒక్క మాటంటే చాలు, ఐలయ్య పోయినట్టే. అప్పటికీ నా బుద్ధి అదే.

క్యాంపులో ఆయన ప్రతి డేరా లోపలికీ చూస్తూ నడిచాడు. ఎవరి కోసమో నాకు తెలుసు.

పుల్లర్ పెట్టి ఎడమ వెనుక డ్రమ్ము లాగాడు. లోపల షూలు నూనెలో వేయించిన వంకాయల్లా మెరుస్తున్నాయి. వేలు పెట్టి రాసి, నల్లటి నూనె జమేదారుకు చూపించాడు. కుడి డ్రమ్ములో రివెట్లు ఇనుమును గీరి చాళ్లు పెట్టాయి. జమేదారు వంగి చూశాడు.

"పొద్దున నీ దగ్గరికే వచ్చారటగా. మరెందుకు మార్చలేదు?"

"ఈమె విన్లే" అంటే, తెలిసి జనాన్ని ఎక్కించానని నేరం నా నెత్తిన పడుతుంది.

"నేనె సరింగ సమజ్ చెయ్యలే సార్" అన్నాడు మదార్ సాబ్. "తప్పు నాది."

జమేదారుకు తృప్తి కలగలేదు. ముందు చక్రాలు కూడా విప్పమన్నాడు. విప్పగానే గాట్లు బయటపడ్డాయి. ఆయన కళ్లు చిన్నవయ్యాయి. "ఇవేమిటి? ఈ ఎరుపేమిటి? ఎవరి సంకేతం?"

ఈసారి మదార్ సాబ్ మొహం పాలిపోయింది. ఈయన నన్ను మోసం చేస్తాడని పెట్టానంటే ఈయన దొంగ అవుతాడు. దొంగ చెప్పే సాక్ష్యం ఎవరికి కావాలి?

బండిలోంచి నా నీళ్ల చెంబు తెచ్చి జమేదారు చేతిలో పెట్టాను. "గొర్లోల్లం సారూ. మా సొమ్ము మీదల్ల మా గుర్తు ఉంటది. చూడు."

చెంబు అంచున రెండు గాట్లు. ఆయన వేలితో తడిమాడు, షూను తడిమాడు, మళ్లీ చెంబును తడిమాడు. "మోటరు కూడా గొర్రేనా నీకు?" అన్నాడు.

"గొర్రె నయం సారూ. అదన్న చెప్పినప్పుడు ఆగుతది."

ఆయన మీసం కదిలింది. విరిగిన బొంగు స్థానంలో కొత్తది తెచ్చి కట్టాలని చెప్పి ఐలయ్యను వదిలేశాడు.

బయటికొచ్చాక మదార్ సాబ్‌ను అడిగాను: "రెండు చక్రాలే పాడైతె నాలుగని ఎందుకు చెప్పినవు?"

"నాలుగంటెనె రెండు చేపిస్తరు అక్కా. రెండంటె ఒక్కటి. ఒక్కటంటె, మల్ల చూద్దాం తీయ్ అని పోతరు. మీరు సగం నమ్ముతరని నేను రెట్టింపు చెప్త. నేను రెట్టింపు చెప్తనని మీరు సగం నమ్ముతరు."

"ఇగ నాకు ఉన్నదే చెప్పు. ఉన్నంత చేపిస్త."

తర్వాత చాలా ఏళ్లు మోటరు తిప్పాను. గ్యారేజీవాడు బ్రేకు మార్చాలన్నాడు, నమ్మాలా వద్దా అని ఇప్పటికీ నన్ను అడుగుతారు. పళ్లెంలో తెచ్చింది చూడకండి, చక్రం మీ ఎదుట విప్పించి లోపల చూడండి. ఏ చక్రానిదో వేలు పెట్టి చూపమనండి. ఇది అందరూ చెప్పేదే. నేను దెబ్బ తిని నేర్చుకున్నది ఇంకొకటి. వాడి అబద్ధం ఒకటి దొరికిందంటే మీ పని సగమే అయింది. మిగతా చక్రాలు కూడా చూడండి. అబద్ధమాడినవాడు చెప్పే నిజం వినడానికి చెవులు చాలా పెద్దవి కావాలి. ఆ పొద్దున నాకు అంత పెద్ద చెవులు లేవు.

వెనుక చక్రాలకు కొత్త లైనింగు వేసిన రోజు మదార్ సాబ్ నన్ను షెడ్డు లోపలికి పిలిచి పీట వేశాడు. షూలు నాలుగూ నా ముందు వరసగా పెట్టి, ఆకురాయి నా చేతికిచ్చాడు. "కొయ్యక్కా, నీ గాట్లు" అన్నాడు నవ్వుతూ.

ఇంత జరిగాక కోయదులే అనుకున్నాడేమో. కోశాను, నాలుగింటికీ రెండేసి. మా ఇళ్లలో అన్నదమ్ముల మందలకు కూడా ఎవరి గుర్తు వాళ్లదే ఉంటుంది. అంతమాత్రాన ఏ అన్నదమ్ములూ విడిపోలేదు.