సాంచాల హోరులో నేర్చిన ఇంగ్లిష్

నేతపని కోసం ఊరొదిలి వలస వెళ్లి, ఉధ్నాలో మేమున్న ఆ రోజుల్లో మా గల్లీలో రహస్యమన్నది ఒక్కటంటే ఒక్కటి దాగేది కాదు. కింద కార్ఖానాలో ఎడతెరిపి లేకుండా సాంచాలు, అదే కరెంటు మగ్గాలు, నేస్తుండేవి, పైన గదుల్లో మేము. ఆ హోరులో చిటికెడు ఉప్పు అడగాలన్నా అరవాల్సిందే. మా ఇంట్లో కూర మాడితే మాకంటే ముందు ఎదురింటివాళ్లకు తెలిసేది! (కోడల్ని గుట్టుగా తిట్టుకునే భాగ్యం పక్కింటి అత్తకు చివరిదాకా దక్కలేదు, పాపం.) అలాంటి చోట నేను ఇంగ్లిష్ నేర్చుకున్నాను, అదీ మూడు నెలల్లో!

ఎందుకంత తొందరంటే, ఆలోగా ఉద్యోగం దొరక్కపోతే ఇంట్లోనే కూర్చుని చీరలకు దారాలు కత్తిరించాలని సాంచాలు నడిపే నాన్న తేల్చి చెప్పేశాడు. డిగ్రీ చదివి కత్తెర పట్టడమా! చీరలు విదేశాలకు పంపే ఒక శేఠ్ దగ్గర ఫోనులో మాట్లాడే ఉద్యోగం ఉందని తెలిసి, పై అంతస్తులో ఉండే రైల్వే అక్క కాళ్ల మీద పడ్డాను. (రైల్వేలో ఉన్నది వాళ్లాయన. పేరు మాత్రం అక్కకొచ్చింది.) "పంపాం, తెచ్చాం, కొన్నారు... వ్యాపారమంతా అయిపోయిన సంగతులేనమ్మా, ముందు అవి పట్టు" అని మొదలుపెట్టింది. సెండ్, సెంట్! బ్రింగ్, బ్రాట్! బై, బాట్! ఎందుకలా మారుతుందని అడిగితే, "అత్తారింటి పద్ధతుల్లాంటివే ఇవి, ఎందుకని అడక్కూడదు, అలవాటు చేసుకోవాలంతే" అనేది. ఆ హోరులో చెవులు పనికిరావు కాబట్టి ఆవిడ నోరే చూసేదాన్ని. ఆవిడ కొండనాలుక కనిపించేలా 'బ్రాట్' అంటే, నేను ఇంకా బార్లా తెరిచి గొంతు చించుకునేదాన్ని. అన్నానికి పైకొచ్చిన నాన్న "జర గట్టిగ సద్వు బిడ్డా, ఇనొస్తలేదు" అనేవాడు.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. ఏసీ గది తలుపు మూసుకోగానే నిశ్శబ్దం! బుద్ధెరిగాక అంత నిశ్శబ్దం నేనెరగను. చాయ్ తాగుతూ శేఠ్ మెల్లగా "సర్టిఫికెట్లు తెచ్చావా?" అని ఇంగ్లిష్‌లో అడిగాడు. "ఐ బ్రాట్ దెమ్ సార్!" అన్నాను. అన్నాననుకున్నాను, నిజానికి అరిచాను. చాయ్ ఆయన చొక్కా మీద పడింది, గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. "ధీరే, బేటీ, మై బహ్రా నహీ హూఁ" అన్నాడు శేఠ్. (తనకు చెవుడు లేదని మనవి చేసుకున్నాడన్నమాట.) సిగ్గుతో గొంతు తగ్గించాను. తగ్గించానో లేదో, నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది! సరుకు పంపామని చెప్పమంటే "సెండెడ్" అన్నాను. "కబురు చేస్తాంలే" అన్నాడాయన. అయిపోయింది, ఇక నాకు కత్తెరే గతి!

లేవబోతుంటే ఫోన్ మోగింది. విదేశీ బేరగాడు, పాడు లైను. గుమాస్తా ఎన్ని హలోలు అన్నా అవతలికి అందడం లేదు. సరుకెక్కడ, లేకపోతే ఆర్డర్ రద్దు అని అతను మండిపడుతున్నాడు. నేనాగలేకపోయాను. "ఎప్పుడు పంపారు?" అని అడిగితే "సోమ్‌వార్ కో" అన్నాడు గుమాస్తా. ఫోన్ లాక్కుని, రైల్వే అక్కను తలుచుకుని, నోరు బార్లా తెరిచి "వీ సెంట్ ఇట్ ఆన్ మండే!" అని ఒక్క కేక పెట్టాను. అవతలి గొంతు "ఐ హర్డ్ యూ!" అంది. హియర్, హర్డ్! అబ్బ, నా ఒళ్లు పులకరించింది! శేఠ్ చొక్కా తుడుచుకుంటూ "కల్ సే ఆ జా" అని రేపట్నుంచే పనిలోకి రమ్మన్నాడు. నా టేబుల్ మాత్రం అందరికీ దూరంగా వేయించాడు.

ఇప్పటికీ నేను ఫోనెత్తితే ఆఫీసులో కొత్త పిల్లలు తలుపు మూస్తారు. నెమ్మదిగా మాట్లాడటం నేర్చుకుందామని ఒకటి రెండుసార్లు ప్రయత్నించాను కూడా. కానీ సాంచాలు నాన్న చెవుల్ని ఎప్పుడో తీసుకుపోయాయి. సాయంత్రం ఇంటికెళ్లగానే "ఇయ్యాల ఏమైంది బిడ్డా?" అని పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ఆఫీసు సంగతులన్నీ చెబుతాను, మధ్యలో ఆయన ముచ్చట కోసం నాలుగు ఇంగ్లిష్ ముక్కలు కూడా. తృప్తిగా తలూపుతాడు. "అందరు గుసగుస పెడ్తరు. మనిషి లెక్క మాట్లాడేది నువ్వొక్కదానివే" అంటాడు.