అమ్మవారి మలుపు దగ్గర ఏడు ప్రశ్నలు

అరకు బస్సులో కిటికీ అద్దం ఒకసారి దిగిందంటే మళ్ళీ ఎక్కదు. చలికాలం మంచు అంతా నా చెవిలోకే. ఎన్నోసార్లు చెప్పాను, కండక్టరు తల ఊపాడు. తల ఊపడం వరకు ఆయన ఏ లోపమూ చెయ్యలేదు.

తల ఊపడం నాకు కొత్త కాదు. చాలా ఏళ్ళు ఒక విమాన శిక్షణ సంస్థలో పైలెట్లకు చెక్‌లిస్టులు రాశాను. అక్షరం ఎంత లావుండాలి, ఏ ప్రశ్న ముందు రావాలి, అలసిన కన్ను ఏ వరుసను దాటేస్తుంది, ఇదే నా బతుకు. ఒకరు చదవాలి, ఇంకొకరు చూసి జవాబు చెప్పాలి. చూడకుండానే చెప్పేస్తారు. రోజూ ఉన్నది ఇవాళా ఉంటుందని కంటికి గట్టి నమ్మకం.

ఉద్యోగం మాని కొండకు వచ్చేశాక, ఇక్కడి ఆసుపత్రి అంబులెన్సు డ్రైవరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఒకసారి దారిలో ఆక్సిజన్ అయిపోయిందట. రోగి బతికాడు గానీ, ఇంకోసారి ఇలా జరిగితే ఇంటికి పొమ్మన్నారట పెద్ద డాక్టరు. ఆక్సిజన్ ఉందా లాంటి ఏడు ప్రశ్నలతో ఒక అట్ట రాసిచ్చాను.

వారం తర్వాత వెళ్ళి చూశాను. నర్సు ఆసుపత్రి మెట్ల మీద నిలబడి అట్ట చదువుతోంది. డ్రైవరు టీ తాగుతూ "ఉంది, ఉంది" అంటున్నాడు. నాలుగో జవాబు ప్రశ్న కంటే ముందే వచ్చింది.

"పైలెట్లూ ఇంతే," అన్నాను నీరసంగా.

"మరి ఇమానాలు ఎగుర్తన్నాయి గదా మాస్టారూ!"

అయితే ఒక్క పని అతను ఎన్నడూ మరవడు. ఘాట్ రోడ్డు మొదలయ్యే మలుపులో బండి ఆపి, దిగి, అమ్మవారి రాయిని ముట్టి దండం పెడతాడు. ఉన్న అలవాటుకే కొత్త పనిని ముడివెయ్యాలన్నది మా విద్యలో మొదటి పాఠం. ప్రశ్నలను అక్కడికి మార్చేశాను. దండం అయ్యాక, ఒక్కోదాన్నీ చేత్తో ముట్టి జవాబు చెప్పాలి. కొంచెం గర్వపడ్డాను కూడా.

మొదటి రోజు నేనూ బండెక్కాను. లోపల, కొండ కింద పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్న ఆయాసపు ముసలాయన, పక్కన ఆయన భార్య. మలుపులో ఆగాం. దండం అయింది. నర్సు చదివింది. డ్రైవరు ఆక్సిజన్ సిలిండరు మీద చెయ్యి వేసి, నాకు తెలిసి మొదటిసారి, నిజంగా చూశాడు.

"అయిపోవచ్చింది సిస్టర్," అన్నాడు.

చెక్‌లిస్టు పనిచేసింది. మా ఆసుపత్రి అరగంట వెనక ఉంది, ఘాట్ రోడ్డంతా ముందుంది.

"ఇక్కడ సూడమని ఎవుడు సెప్పాడు?" అంది ముసలామె.

డ్రైవరు నా వైపు చూశాడు. ఆమె కూడా చూసింది.

"ఇంత సదివినోడివి, బయల్దేరక ముందే సూడాలని తెలీదేటి?"