తలుపు బయట చావు కబుర్లు

నోరీన్ టక్‌వెల్‌కి ఒక్కటే జబ్బు. మూసిన తలుపు కనబడితే చాలు, దాని ముందు నిలబడి బంధువుల్లో ఎవరో ఒకరిని చంపేస్తుంది. నోటితోనే లెండి. ఆవిడ వృత్తి పెద్దపేగు కడగడం. ఆస్ట్రేలియాలో చెరకు పండే ఇన్నిస్‌ఫెయిల్ ఊరి ముసురులో, కడుపు బిగుసుకుపోయి వచ్చినవాడికి తలుపవతల నుంచి శవయాత్ర వినిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

డెల్మాకి ఊహించుకునే పనిలేదు. వారం వారం నోరీన్ గది బయట నడవాలో కూర్చుని వింటూనే ఉంది. ఆమె భర్త మెర్వ్ చెరకు కోసే యంత్రం నడిపి ముసలివాడైన మనిషి. వణుకుడు జబ్బొచ్చి చేతులు మాట వినడం మానేశాయి. పేగులూ వాటితో చేరిపోయాయి. డాక్టరు అన్నీ చూసి సరేనన్నాకే ఇక్కడికొచ్చారు.

మొదటిరోజు నోరీన్ తన పద్ధతిలో ధైర్యం చెప్పింది.

"దీంతో నీ వణుకు తగ్గదు, వయసూ తగ్గదు. కడుపు కాస్త తేలికపడితే పడుతుంది, అంతే. రక్తం కనబడినా, నొప్పి పుట్టినా ఆపేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తు. మా బాబాయి పరుగెత్తలేదు."

"ఏమైంది ఆయనకి?" అన్నాడు మెర్వ్.

"ఏమవుతుంది? పూడ్చాం."

సరంజామా పెద్దగా ఏమీ లేదు. ఒక చివర తొట్టి ఉన్న పడక, గోడకి ఎత్తుగా గోరువెచ్చటి నీళ్ల ట్యాంకు, ఒకసారి వాడి పారేసే సన్నటి గొట్టం. తోసే యంత్రం లేదు. నీళ్లు తమ బరువుకి తామే దిగుతాయి, గొట్టం పక్కనుంచి తామే తొట్టిలోకి వచ్చేస్తాయి. గొట్టం పెట్టుకోవడం మాత్రం వచ్చినవాళ్ల పనే. తలుపేసుకుని, దుప్పటి కప్పుకుని, ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. అయిందని కేకేస్తే నోరీన్ వెళ్లి నీళ్లు వదులుతుంది.

ఇంట్లో మెర్వ్‌కి గుండీలు డెల్మానే పెడుతుంది. గడ్డమూ ఆమే గీస్తుంది, రొట్టె కూడా ఆమే ముక్కలు చేసి పెడుతుంది. ఆయనకంటూ మిగిలిన పని ఆ తలుపు వెనకది ఒక్కటే. అదీ చేతకాని రోజున మనిషి ఇక మంచం దిగడని ఆమెకి దిగులు.

ఒకరోజు జోరువాన. మూసిన తలుపు వెనక ఏదో కిందపడింది. మెర్వ్ తిట్టుకున్నాడు. డెల్మా గబుక్కున లేచింది.

"ఎంతసేపని! నేనెళ్లి పెట్టొస్తాను."

"కూర్చో తల్లీ." నోరీన్ తలుపుకి వీపు ఆనించింది. "మా మేనత్త శవం ఇంకా ఇల్లు కదల్లేదు." గొంతు పెంచింది. "అదీ సంగతి, మెర్వ్! శవపేటిక ఎక్కించిన బండి బురదలో దిగబడింది. పాస్టరు దిగి తోశాడు. బూటు ఊడింది. ఎడమదా, కుడిదా... ఉండు, గుర్తు తెచ్చుకోనీ."

డెల్మాకి ఒళ్లు మండింది. "నీకసలు మనసుందా? జబ్బు మనిషికి శవాల కబుర్లా?"

నోరీన్ గొంతు తగ్గించింది. "ఇందాక పక్కగదిలో ఆవిడకి కూడా మా మేనత్తనే చంపాను. ఎంతసేపు పట్టింది?"

"రెండు ముక్కల్లో తేల్చేశావు. పిడుగు పడిందన్నావు."

"ఆవిడ చేతులు గట్టివి, చప్పున అయిపోయింది. ఇక్కడ నేను నోరు మూసుకుని నిలబడ్డాననుకో, ఆయన కోసం కాచుకున్నట్టుంటుంది. కాచుకున్నారంటే ఆ చేతులు మరీ వణుకుతాయి. నా కథ నడుస్తుంటే ఆయనే నా కోసం ఆగినట్టు."

డెల్మా మెల్లగా కూర్చుంది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. నోరీన్ కథలో మేనత్త బండి వాగు దాకా వెళ్లింది, వాగు పొంగింది, కట్టిన తాడు తెగింది. అప్పుడు లోపలినుంచి కేక.

"ఆ ముసలిదాన్ని ఇంక పూడ్చేయమ్మా నోరీన్! నాదయింది!"

"పూడ్చేశాం!" అంటూ నోరీన్ లోపలికెళ్లింది.

మర్నాడు పొద్దున మెర్వ్ మంచం అంచున చొక్కా తగిలించుకుని, గుండీల కోసం డెల్మా వైపు చూశాడు. ఆమె దగ్గరికి రాలేదు. గది బయటికెళ్లి తలుపు లాగేసింది. కథలు చెప్పడం ఆమెకి చేతకాదు. గొంతు సవరించుకుంది.

"మెర్వ్, మా చిన్నాన్న ఎలా పోయాడో నీకెప్పుడైనా చెప్పానా?"

"మీ చిన్నాన్న నిన్న ఫోన్ చేశాడు కదే!"

"చేశాడు. తర్వాతే పోయాడు. విను."

చిన్నాన్నని మొసలి మింగడానికి చాలాసేపే పట్టింది. టోపీతో మొదలై, చివరికి ఒక్కో బూటే లోపలికెళ్లింది. తలుపు తెరుచుకునేసరికి మెర్వ్ చొక్కాకి గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. ఒకటి పక్క కాజాలో పడింది. డెల్మా దాన్ని ముట్టుకోలేదు.

"బూట్లతో సహా అంటే పాపం అరిగుండదు," అన్నాడు మెర్వ్. "ఆ మొసలిని ఓసారి నోరీన్ దగ్గరికి తీసుకెళ్లాలి."