ఆయాసమ్మ కొండ నడక

చిన్నప్పుడు రెండుసార్లు ఆయాసం వచ్చిన పాపానికి ఇంట్లో ఆమెకు ఆయాసమ్మ అనే పేరు ఖాయమైపోయింది. ఆ తర్వాత అది ఎప్పుడూ రాలేదు. అయినా ఆటలొద్దు, ఈత వద్దు, సైకిలు అసలే వద్దు. "నువ్వు కూర్చోవే" అనేవాడు అన్నయ్య. నలభై దాటినా అదే పాట. అదేం చోద్యమో గానీ, లాడ్జిలో దుప్పట్లు మార్చే పనికి వెళ్తానంటే మాత్రం ఒక్కరూ వద్దనలేదు. అక్కడ లిఫ్టు ఉన్నది గదులు తీసుకున్నవాళ్లకే. ఉతికిన దుప్పట్ల మూటలు మోసుకుంటూ నాలుగంతస్తులూ ఆమె మెట్లెక్కాల్సిందే.

అన్నయ్య కొత్తది కొనుక్కుని తన పాత స్మార్ట్ వాచీ ఆమెకిచ్చాడు. "గుండె వేగం పెరిగితే పని ఆపి కూర్చో" అని మరీ మరీ చెప్పాడు. వారం తిరిగేసరికి, తాను ఎక్కిన మెట్ల లెక్క చూసి ఆమె నోరు వెళ్లబెట్టింది. పైగా మూట దించగానే గుండె వేగం ఇట్టే తగ్గిపోతోంది. అన్నయ్యకు చూపిస్తే, "ఇది చెడిపోయినట్టుందే" అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది. చెడిపోయింది వాచీయా, వీళ్ల బుర్రలా? సెలవు రోజుల్లో ఊరి చివర గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. మొదట్లో సగంలోనే గుండె దడదడలాడేది. ఇంకేముంది, నా పని అయిపోయిందనుకునేది. తీరా వాచీ చూస్తే, మూటతో మెట్లెక్కినప్పటి అంకె కూడా ఉండేది కాదు. అది ఆయాసం కాదు, భయం. ఆ తేడా తెలిశాక, పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా సాగే కొండ నడకకు తానూ వస్తానని పేరిచ్చింది.

నడక రోజున సగం దారిలో, కొండబాట రోడ్డును తాకే మలుపు దగ్గర అన్నయ్య కారేసుకుని ప్రత్యక్షమయ్యాడు. ముందు సీటు వెనక్కి వాల్చి దిండు కూడా సర్దిపెట్టాడు.

"చాల్లే, ఎక్కు. చెమటలు ఎలా కారుతున్నాయో చూసుకున్నావా?"

ఆమె వాచీ ఉన్న చెయ్యి అతని ముందు పెట్టింది. నిలబడ్డ కాసేపట్లోనే అంకె దిగిపోతోంది.

"దాని మాట పట్టుకుని కొండలెక్కుతావా?"

"ఇన్నేళ్లు మూటలు మోశాను కదా అన్నయ్యా. ఒక్కనాడన్నా లాడ్జికి కారేసుకొచ్చావా?"

అతను దిండు వైపు చూశాడు. "నీకేమన్నా అవుతుందని నాకు భయమే" అన్నాడు మెల్లగా.

"ఆ భయం నీది. ఇన్నాళ్లూ నాతో మోయించావు. ఇక నువ్వే మోసుకో."

అతను తెరిచిపెట్టిన కారు తలుపు మూసి ఆమె మళ్లీ కొండబాట పట్టింది.